యాభై ఏళ్ళ బండికి క్లచ్ ప్లేట్లు ఎక్కడ దొరుకుతాయి?

యమహా డీటీ-1 అమెరికాలో అమ్మకానికి వచ్చింది 1968లో. అంతకుముందు కాలిఫోర్నియా ఎడారుల్లో, కొండదారుల్లో బండి తోలాలని సరదా పడేవాళ్ళకు ఉన్నవి రెండే మార్గాలు. రోడ్డు కోసం చేసిన బరువైన ఇంగ్లండు బండి కొని, లైట్లూ సైలెన్సరూ పీకేసి ఇసుకలోకి దింపడం ఒకటి. స్వీడన్ హుస్క్‌వార్నానో, స్పెయిన్ బుల్టాకోనో తెప్పించుకోవడం రెండోది. దానికి డబ్బూ కావాలి, ఓపికా కావాలి. డీటీ-1 వచ్చి ఈ రెంటికీ మధ్య దారి తెరిచింది. 246 సీసీ ఒంటి సిలిండర్, టూ స్ట్రోక్, ఐదు గేర్లు, బరువు నూట పది కిలోల పైచిలుకు. సోమవారం ఆఫీసుకు పోవచ్చు, ఆదివారం కొండెక్కించవచ్చు. దాని వెనకే హోండా 1972లో ఎక్స్‌ఎల్ 250నీ, 1973లో ఎల్సినోర్ సీఆర్ 250 ఎంనీ దింపింది. సుజుకీ, కవాసాకీ కూడా ఊరుకోలేదు. పదేళ్ళు తిరిగేసరికి అమెరికా గరాజుల్లో జపాన్ డర్ట్ బైకులదే రాజ్యం.

ఆ బండ్లే ఇప్పుడు వింటేజ్. పాత బండ్ల పందేల కోసం అమెరికాలో 1989లోనే ఒక జాతీయ సంఘం పుట్టింది. షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి పడున్నదాన్ని చవగ్గా కొని, తీరిక చిక్కినప్పుడల్లా ఒక్కో బోల్టూ విప్పుకుంటూ మళ్ళీ ప్రాణం పోసేవాళ్ళు అక్కడా ఉన్నారు, యూరప్‌లోనూ జపాన్‌లోనూ ఉన్నారు. పిస్టన్, రింగులు, కార్బురేటర్ కిట్టు పెద్దగా ఏడిపించవు. క్లచ్ దగ్గరికి వచ్చేసరికే చాలామందికి చెయ్యి ఆగిపోతుంది. కంపెనీ ఆ మోడల్‌కు పార్టులివ్వడం ఎప్పుడో మానేసి ఉంటుంది. ఎవరి దగ్గరో అట్టపెట్టె కూడా విప్పని పాత స్టాకు ఉందంటే, దానికి చెప్పే ధర వింటే బండి కొన్న ధరే నయమనిపిస్తుంది.

ఆ ధరలో చాలా భాగం బండి పేరుకు కడుతున్నదే తప్ప లోపలి లోహానికి కాదు. ఎల్సినోర్ అన్నది గొప్ప పేరే. కానీ ప్లేటుకు తాను ఏ బండిలో తిరుగుతోందో తెలియదు. బయటి వ్యాసం, లోపలి వ్యాసం, మందం, పళ్ళ లెక్క, పళ్ళ వెడల్పు, ఇవే దాని లోకం. ఇవి సరిపోతే అది ఏ బండిలోనైనా కూర్చుంటుంది. కాబట్టి వెతికేటప్పుడు బండి పేరు కంటే కొలత ముఖ్యం. ఆ కొలతలకు అంత విలువ ఎందుకో తెలియాలంటే ముందు క్లచ్ లోపలికి చూడాలి.

కుడివైపు సైడ్ కవర్ విప్పగానే కనిపించే గిన్నెలాంటి అల్యూమినియం భాగమే క్లచ్ బాస్కెట్. దాని అడుగున పెద్ద పళ్ళచక్రం బిగించి ఉంటుంది. క్రాంక్ మీదున్న చిన్న పళ్ళచక్రం దీన్ని తిప్పుతుంది. గిన్నె అంచు చుట్టూ వేళ్ళలా నిలువుగా లేచిన ముక్కల సందుల్లో ఫ్రిక్షన్ ప్లేట్ల పళ్ళు కూర్చుంటాయి. గిన్నె మధ్యలో హబ్. ఇది గేరుబాక్సు షాఫ్టుకు బిగించి ఉంటుంది, స్టీలు ప్లేట్ల లోపలి పళ్ళు దీని గాడుల్లో కూర్చుంటాయి. ఒక ఫ్రిక్షన్, ఒక స్టీలు, మళ్ళీ ఒక ఫ్రిక్షన్, ఒక స్టీలు. ఇలా పేర్చిన దొంతర మీద ప్రెజర్ ప్లేటు పెట్టి, నాలుగైదు స్ప్రింగులతో అదుముతారు. ఫ్రిక్షన్ ప్లేట్లు ఇంజన్ మనుషులు, స్టీలు ప్లేట్లు గేరుబాక్సు మనుషులు. స్ప్రింగులు అదిమినంత సేపూ రెండు వర్గాలూ కలిసి తిరుగుతాయి. క్లచ్ లీవర్ లాగితే లోపలి పుష్ రాడ్ ప్రెజర్ ప్లేటును వెనక్కి నెడుతుంది, వర్గాలు విడిపోతాయి.

ఇన్ని ప్లేట్లు ఎందుకు? ఒక పెద్ద ప్లేటు చాలదా? లెక్క వేసి చూద్దాం. డీటీ-1 ఇంజన్ గరిష్ఠంగా ఇచ్చే టార్క్ సుమారు 23 న్యూటన్ మీటర్లు. క్రాంక్ నుంచి బాస్కెట్‌కు వచ్చేలోపు పళ్ళచక్రాల వల్ల వేగం దాదాపు మూడోవంతుకు తగ్గి, టార్క్ మూడింతలవుతుంది. అంటే క్లచ్ మోయాల్సింది 70 న్యూటన్ మీటర్ల వరకు. నూనెలో మునిగిన ఫ్రిక్షన్ పదార్థానికి ఘర్షణ గుణకం తక్కువ, 0.12 అనుకుందాం. ప్లేటు సగటు వ్యాసార్థం 5 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్క ఫ్రిక్షన్ ప్లేటే ఉంటే రాసుకునే ముఖాలు రెండు. అప్పుడు స్ప్రింగులు దాదాపు 600 కిలోల బరువుతో అదమాలి. ఆ లీవరును ఏ మనిషీ లాగలేడు. ఆరు ఫ్రిక్షన్ ప్లేట్లు పెడితే ముఖాలు పన్నెండు. కావలసిన నొక్కుడు 100 కిలోలకు పడిపోతుంది. కొంత అదనపు భద్రత కలుపుకున్నా చేతికి అందే లెక్కే.

ఇక్కడొక సంగతి చాలామంది తికమకపడేది. స్ప్రింగుల బలం ఆరు ప్లేట్లకూ పంచుకుపోతుందని అనుకుంటారు. పంచుకుపోదు. విస్తళ్ళ దొంతర మీద చెయ్యి పెట్టి అదిమితే పై విస్తరి మీదా అడుగు విస్తరి మీదా అదే ఒత్తిడి పడుతుంది. క్లచ్‌లోనూ అంతే. ప్రతి ముఖానికీ నొక్కుడు మొత్తం అందుతుంది. అందుకే ప్లేట్లు పెంచితే పట్టు పెరుగుతుంది. ఆ గిన్నె అరచేతిలో పట్టేంత ఉండి కూడా అంత పని చేయడం వెనకున్న కిటుకు ఇదే.

రోడ్డు బండి క్లచ్‌తో పోలిస్తే డర్ట్ బైక్ క్లచ్‌కు ఆయుష్షు తక్కువ. ఆనాటి టూ స్ట్రోక్ ఇంజన్ ఒక ఇరుకు వేగంలోనే బలం చూపేది. బురదలో, మలుపులో వేగం పడిపోతే క్లచ్‌ను సగం పట్టుకుని ఇంజన్‌ను మళ్ళీ ఆ వేగానికి లేపాల్సిందే. అలా జారుతున్నప్పుడు ఇంజన్ ఇచ్చే శక్తిలో 3 కిలోవాట్లు ప్లేట్ల మధ్య వేడిగా మారాయనుకోండి. స్టీలు ప్లేట్లన్నీ కలిపి అరకిలో పైన. ఆ వేడంతా వాటిలోకే పోతే సెకనుకు పది డిగ్రీల చొప్పున వేడెక్కుతాయి. కొంత నూనె తీసుకుపోతుంది గానీ, ఎక్కేదారిలో ఒక్క నిమిషం మొండికేసి జార్చినా చాలు. విప్పినప్పుడు స్టీలు ప్లేటే ఆ కథ చెబుతుంది. ఎండుగడ్డి రంగు తేలితే ఆ చోట సుమారు 220 డిగ్రీలు చూసినట్టు. నీలం మచ్చలుంటే 300 దరిదాపు. నీలం తేలిన ప్లేటు సాధారణంగా వంకరపోయి ఉంటుంది, దాన్ని పక్కన పెట్టేయడమే.

మిగతా స్టీలు ప్లేట్లను మాత్రం తొందరపడి మార్చకండి. ఖర్చు తగ్గేది ఇక్కడే. మందపాటి అద్దం ముక్క మీద ప్లేటు పరిచి, చుట్టూ ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. ఆనాటి యమహా మాన్యువళ్ళలో వంకరకు ఇచ్చిన హద్దు 0.05 మిల్లీమీటర్లు. అది కఠినమైన లెక్క. అంత పలుచని గేజ్ కూడా దూరకపోతే ప్లేటు బంగారంలా ఉన్నట్టే. నున్నగా మెరుస్తుంటే అదే అద్దం మీద ఎమరీ పేపర్ పరిచి, ప్లేటును గుండ్రంగా తిప్పుతూ మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. స్టీలు అరగదు, అరిగేది దాని జోడీ.

ఫ్రిక్షన్ ప్లేట్ల సంగతి వేరు. ఆ కాలపు వాటిలో బెండు, రబ్బరు కలిపిన పూతలు ఉండేవి. తర్వాత కాగితపు నారతో చేసినవి వచ్చాయి. దశాబ్దాలు నూనె లేకుండా ఎండిన బెండు గోటితో గీరితే పొడి రాలుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆ రోజుల ఫ్రిక్షన్ పదార్థాల్లో ఆస్బెస్టాస్ కలిసే అవకాశం ఉంది. పాత ప్లేటును పొడిగా రుద్దడం, గాలి గొట్టంతో ఊదడం అస్సలు వద్దు. తడిగుడ్డతో తుడిచి, కవరులో మూటగట్టాలి.

అరుగుదల ఎంత ఉంటే మార్చాలన్న ప్రశ్నకు చాలామంది ఒక ప్లేటునే చూసి సమాధానం చెబుతారు. 0.3 మిల్లీమీటర్లేగా అరిగింది అంటారు. ఆరు ప్లేట్లకు అది 1.8 మిల్లీమీటర్లు. దొంతర ఎత్తు అంత తగ్గితే స్ప్రింగులు అంత సాగి కూర్చుంటాయి, వాటి నొక్కుడు తగ్గుతుంది. స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఒక కిలో బలం కావాలనుకుంటే, అయిదు స్ప్రింగుల మీద పోయేది 9 కిలోలు. పైగా ఆ స్ప్రింగులు కూడా యాభై ఏళ్ళుగా నొక్కుకుపోయి ఉన్నవే. అటు ప్లేటు అరిగి, ఇటు స్ప్రింగు నీరసించి, రెండూ కలిసి క్లచ్‌ను జార్చేస్తాయి. టాప్ గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ అరుపు పెరిగి బండి వేగం పెరగకపోవడం దాని గుర్తు. మన బుల్లెట్ పాత మోడల్ తోలినవాళ్ళకు ఇంకో గుర్తు కూడా తెలుసు. దాని కిక్ క్లచ్ గుండా ఇంజన్‌కు చేరుతుంది కాబట్టి, క్లచ్ జారితే కిక్ రాడ్ కూడా జారిపోతుంది. డీటీ-1లో కిక్ నేరుగా బాస్కెట్ పళ్ళచక్రాన్నే తిప్పుతుంది. గేరులో ఉండగానే క్లచ్ పట్టుకుని స్టార్ట్ చేయవచ్చు, కొండవాలు మీద ఆగిపోయినవాడికి అదొక వరం. కానీ అక్కడ కిక్ బాగుంది గనక క్లచ్ బాగుందని అనుకోవడానికి లేదు.

జారడం కాక ఇంకో జబ్బు ఉంది, విడవకపోవడం. లీవర్ పూర్తిగా లాగినా బండి ముందుకు గుంజుతుంది, న్యూట్రల్ పడదు, ఫస్ట్ గేరు వేస్తే టక్కుమంటుంది. ఏళ్ళ తరబడి కదలని బండిలో ఇది దాదాపు ఖాయం, ఎందుకంటే ఎండిన నూనె జిగురై ప్లేట్లను అతికించేసి ఉంటుంది. దీనికి పార్టు కొనక్కర్లేదు. ప్లేట్లు విప్పి, కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, ఒక రాత్రి కొత్త ఆయిల్‌లో నానబెట్టి బిగిస్తే సగం బండ్లలో రోగం పోతుంది. క్లచ్ వైరు కూడా ఒకసారి చూసుకోవాలి. లీవరు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అసలు లేకపోతే జారుతుంది, మరీ ఉంటే విడవదు. క్లచ్ పోయిందని తీర్పు చెప్పిన బండ్లలో కొన్నింటికి కావలసింది కొత్త వైరూ, స్క్రూడ్రైవరుతో ఒక తిప్పూ మాత్రమే.

ఇంతా చేశాక కొనక తప్పనివి మిగులుతాయి. అప్పుడు అక్కరకొచ్చేది పార్టు నంబరు. జపాన్ కంపెనీల నంబర్లు ఊరికే వేసినవి కావు, వాటిలో చదవడానికి విషయం ఉంది. యమహాలో మొదటి మూడు అక్షరాలు ఆ పార్టు మొదట ఏ మోడల్ కోసం పుట్టిందో చెబుతాయి. తర్వాతి ఐదు అంకెలు అదేం పార్టో చెబుతాయి. 16321 అంటే ఫ్రిక్షన్ ప్లేటు, 16324 లేదా 16325 అంటే స్టీలు ప్లేటు, 16351 అంటే ప్రెజర్ ప్లేటు. హోండాలో వరస తిరగబడుతుంది. ముందు పార్టు పని, తర్వాత మోడల్. 22201 ఫ్రిక్షన్ ప్లేటు, 22321 స్టీలు ప్లేటు, 22401 స్ప్రింగు. మధ్యలో 357 కనిపిస్తే అది ఎల్సినోర్ 250 కోసం గీసిన పార్టు. కవాసాకీలో 13088 ఫ్రిక్షన్, 13089 స్టీలు. సుజుకీలో 21441, 21451.

ఇందులో డబ్బు ఎలా మిగులుతుందంటారా? ఒక పార్టును తర్వాతి మోడల్‌లో యథాతథంగా వాడితే కంపెనీ దానికి కొత్త నంబరు ఇవ్వదు. పాత నంబరే కొనసాగుతుంది. మీ బండి పార్టుల జాబితాలో ఫ్రిక్షన్ ప్లేటు నంబరు మీ మోడల్ సంఖ్యతో కాక వేరే సంఖ్యతో మొదలైతే, ఆ ప్లేటు మీ బండికంటే ముందే ఇంకోదాంట్లో పుట్టిందన్నమాట. అదే నంబరు పట్టుకుని ముందుకూ వెనక్కూ జాబితాలు తిప్పండి. వీధుల్లో లక్షల్లో తిరిగిన ఏ మామూలు రోడ్డు బండిలోనో అదే ప్లేటు కనిపించవచ్చు. అరుదైన మోటోక్రాస్ బండి పేరు మీద ఒక ధర, రోడ్డు బండి పేరు మీద ఇంకో ధర. వస్తువు ఒకటే. చివరి రెండంకెలు మాత్రం 00 నుంచి 01, 02గా మారుతుంటాయి. కంపెనీ ఆ పార్టును కాస్త సవరించినప్పుడల్లా అవి మారతాయి, కొత్తది పాతదాని స్థానంలో సాధారణంగా సరిపోతుంది.

మన దగ్గర రాజ్‌దూత్ 350 ఉన్నవాళ్ళకు ఈ వేట కొత్త కాదు. ఎస్కార్ట్స్ 1983 నుంచి కొన్నేళ్ళు ఇక్కడ తయారు చేసిన ఆ బండి యమహా ఆర్‌డీ 350కి భారతీయ రూపం. 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100దీ అదే వంశం. అమెరికాలో డీటీ యజమాని ఏ 16321 కోసం తిరుగుతున్నాడో హైదరాబాద్‌లో ఆర్‌డీ యజమానీ దాని కోసమే తిరుగుతాడు. మొదటి మూడు అంకెలు కలిస్తే ఇద్దరూ ఒకే దుకాణంలో కొనవచ్చు. కలవకపోతే పేరులో యమహా ఉంది కదా అని కొనకూడదు.

నంబరుతోనూ పని కాకపోతే వెర్నియర్ తీయాలి. ఫ్రిక్షన్ ప్లేటుకు బయటి వ్యాసం, లోపలి వ్యాసం, మందం, బయటి పళ్ళ సంఖ్య, ఒక్కో పన్ను వెడల్పు కొలవాలి. స్టీలు ప్లేటుకు రెండు వ్యాసాలు, మందం, లోపలి పళ్ళ సంఖ్య. మందంలో కాస్త తేడా ఉన్నా దిగులు లేదు, మొత్తం దొంతర ఎత్తు ముఖ్యం. ఫ్రిక్షన్ ప్లేట్లు కాస్త పలుచనివి దొరికితే, ఒకటి రెండు స్టీలు ప్లేట్లు కాస్త మందమైనవి వేసి ఎత్తు కలపవచ్చు. పన్ను వెడల్పు విషయంలో మాత్రం రాజీ వద్దు. సందు కంటే పన్ను సన్ననిదైతే యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా, వదిలినప్పుడల్లా అది బాస్కెట్ వేలిని సుత్తిలా కొడుతుంది.

ఈ ప్లేట్లు బండి కంపెనీలు స్వయంగా చేసుకునేవి కావని గుర్తుంటే వెతుకులాట ఇంకా తేలికవుతుంది. జపాన్‌లో హమామత్సు నుంచి వచ్చే ఎఫ్‌సీసీ దశాబ్దాలుగా బండి కంపెనీలకు క్లచ్‌లు అందిస్తోంది. దానికి మన దేశంలోనూ ఫ్యాక్టరీలున్నాయి. కాలిఫోర్నియాలో బార్నెట్ 1948 నుంచి క్లచ్‌లు చేస్తోంది. ఇంగ్లండులో ఈబీసీ, జపాన్‌లో వెస్రా, ఇటలీలో సర్ఫ్‌లెక్స్ పాత మోడళ్ళకు కూడా ప్లేట్ల సెట్లు అమ్ముతాయి. కంపెనీ డబ్బాలో లేని ప్లేటునంతా డూప్లికేట్ అని తీసిపారేయడం మనకు అలవాటు. ఫ్రిక్షన్ ప్లేట్ల విషయంలో ఆ అలవాటు మానుకోవడమే మంచిది. యాభై ఏళ్ళ కిందటి బెండు కంటే ఈనాటి కాగితపు నార పూత వేడిని బాగా తట్టుకుంటుంది. పెట్టె విప్పని పాత స్టాకు అన్నది లోహపు పార్టులకు మాత్రమే గొప్ప. రబ్బరు, బెండు పెట్టెలో ఉన్నా ముసలివవుతాయి. ఆనాటి యమహా క్లచ్‌లు కొన్నింటిలో ప్లేట్ల మధ్య సన్నని రబ్బరు రింగులుండేవి, ప్లేట్లు త్వరగా విడిపోవడానికి. వాటి పాత స్టాకు కొనడం దండగ, వేలితో వంచితే పుటుక్కుమంటాయి.

ప్లేట్లకు కొత్త లైనింగ్ వేయించే దారి కూడా ఉంది గానీ జాగ్రత్త కావాలి. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట లారీ క్లచ్ ప్లేటుకు లైనింగ్ రివెట్లతో బిగించడం రోజువారీ పని. అది పొడి క్లచ్. మన బండిది నూనెలో మునిగే క్లచ్. దీని లైనింగ్‌ను వేడి, ఒత్తిడి పెట్టి అతికించాలి, ఆ జిగురు నూనెకు కరగకూడదు. లైనింగ్ మీద గాడులు కూడా ఉండాలి. అవి లేకపోతే మధ్యలో చిక్కిన నూనె బయటికి పోక, లాగినా ప్లేట్లు విడవవు. ఈ రెండూ తెలిసిన చేతికే ఇవ్వండి.

స్ప్రింగులు చవక, వాటి మీద పీనాసితనం అక్కర్లేదు. సెట్టు మొత్తం ఒకేసారి మార్చాలి, ఒక్కటి మారిస్తే ప్రెజర్ ప్లేటు ఒక పక్కకు ఒరుగుతుంది. కంటికి ఒకేలా ఉన్నాయని వేరే బండివి వేయడం మాత్రం ప్రమాదం. స్ప్రింగు గట్టితనం దాని తీగ వ్యాసానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 2 మిల్లీమీటర్ల తీగకు బదులు 2.2 తీగ వేస్తే కంటికి తేడా కనపడదు, గట్టితనం మాత్రం 46 శాతం పెరుగుతుంది. క్లచ్ జారదు సరే, పది నిమిషాలు తోలేసరికి ఎడమచెయ్యి పడిపోతుంది, పుష్ రాడ్ అరిగిపోతుంది. అసలు స్ప్రింగులు దొరకకపోతే ఒక్కోదాని కింద పలుచని వాషరు పెట్టి నొక్కుడు కొంత పెంచుకోవచ్చు. లీవర్ పూర్తిగా లాగినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదాన్నొకటి తాకకుండా చూసుకోవాలి, అంతే.

ప్యాకింగ్ కోసం అయితే అస్సలు తిరగొద్దు. ప్యాకింగ్ షీటును సైడ్ కవర్ అంచు మీద పరిచి, చిన్న సుత్తితో అంచు వెంట మెల్లగా తడుతూ పోతే షీటు దానంతటదే ఆ ఆకారంలో తెగుతుంది. మన మెకానిక్కులకు ఇది చేత్తో వచ్చిన విద్య. హబ్ నట్టు విప్పే పనిముట్టు కూడా కొననక్కర్లేదు. పనికిరాని ఒక పాత స్టీలు ప్లేటుకు అడుగు పొడవు ఇనుప పట్టీ వెల్డింగ్ చేయిస్తే అదే హ్యాండిల్. దాన్ని హబ్ గాడుల్లో కూర్చోబెట్టి పట్టుకుంటే నట్టు సులువుగా తిరుగుతుంది. బాస్కెట్ వేళ్ళ మధ్య స్క్రూడ్రైవర్ ఇరికించి నట్టు తిప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అల్యూమినియం అంత మోటుతనాన్ని ఓర్చుకోదు.

ఆయిల్ గురించి ఒక మాట. టూ స్ట్రోక్ బండిలో పెట్రోలుతో కలిసి కాలే ఆయిల్ వేరు, గేరుబాక్సులో క్లచ్‌ను ముంచెత్తే ఆయిల్ వేరు. ఈ రెండో దానిలో కారు ఇంజన్ ఆయిల్ పోయడం పాత అలవాటు. ఆ రోజుల్లో చెల్లింది. ఇప్పటి కారు ఆయిళ్ళలో మైలేజీ కోసం ఘర్షణను తగ్గించే రసాయనాలు కలుపుతున్నారు. కారు ఇంజన్‌కు అవి మేలే గానీ, మన ప్లేట్లకు కావలసింది ఘర్షణే. కొత్త ప్లేట్లు వేసినా జారుతోందంటే మొదట అనుమానించాల్సింది ఆయిల్ డబ్బానే. జపాన్ వాళ్ళు 1998లో ఇందుకోసమే జాసో ప్రమాణం తెచ్చారు. డబ్బా మీద ఎంఏ అని ఉంటే నూనెలో మునిగే క్లచ్‌కు పనికొస్తుంది, ఎంబీ అని ఉంటే పనికిరాదు. మన ఊళ్ళో ఏ బైకు ఆయిల్ డబ్బా తిప్పి చూసినా ఆ గుర్తు కనిపిస్తుంది.

చివరికి మిగిలేది బాస్కెట్. క్లచ్ మొత్తంలో నిజంగా దొరకనిదీ, నిజంగా ఖరీదైనదీ ఇదే. వేళ్ళ మీద ప్లేటు పళ్ళు కొట్టి కొట్టి గాట్లు పెడతాయి. ప్లేటు పక్కకు జరగాల్సి వచ్చినప్పుడు ఆ గాటులో చిక్కుకుంటుంది, క్లచ్ గుంజుతుంది. గాటు లోతు లేకపోతే సన్నని ఆకురాయితో వేలి రెండు పక్కలా సమంగా రాకితే సరిపోతుంది. రాకేటప్పుడు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అయితే భారమంతా రెండు మూడు వేళ్ళ మీదే పడుతుంది. లోతుగా ఉంటే అల్యూమినియం వెల్డింగ్ చేయించి మళ్ళీ మిల్లింగ్ చేయించుకునేవాళ్ళూ ఉన్నారు, మంచి పనివాడు దొరికితే అది నిలుస్తుంది. వేరే మోడల్ బాస్కెట్ తెచ్చేట్టయితే ముందు దాని అడుగు చక్రానికి పళ్ళు ఎన్నో లెక్కపెట్టండి, అవి నేరుగా కోసినవా ఏటవాలుగా కోసినవా చూడండి. క్రాంక్ మీదున్న చక్రంతో ఈ రెండూ కలవకపోతే ఎంత చవగ్గా వచ్చినా అది పాత ఇనుమే. బాస్కెట్‌నూ చక్రాన్నీ కలిపే రివెట్లు వదులయ్యాయేమో రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురుగా తిప్పి చూడండి. కాస్త మెత్తగా కదిలి వెనక్కి వస్తే అది లోపలి రబ్బరు కుషన్ల కదలిక, భయం లేదు. టకటకమంటే రివెట్లు పోయినట్టే.

నా లెక్కలో ఖర్చు ఇలా ఉండాలి. ఫ్రిక్షన్ ప్లేట్లూ స్ప్రింగులూ కొత్తవి కొనండి, కొలత చూసి, పేరు చూడకుండా. స్టీలు ప్లేట్లూ హబ్బూ ప్రెజర్ ప్లేటూ ఉన్నవే వాడండి. అలా మిగిలిన డబ్బు బాస్కెట్ కోసం దాచండి. వేలి మొదట్లో వెంట్రుకంత పగులు కనిపించినా ఆ బాస్కెట్‌ను మళ్ళీ బిగించకండి. విరిగిన వేలు కిందికి జారి పళ్ళచక్రాల మధ్య పడితే క్లచ్‌తో పాటు ఇంజన్ కేసింగు కూడా పగులుతుంది.